అడిగితే జవాబు చెప్పే గ్రాఫు

గ్రాఫు గీయడం మీకు కొత్తేమీ కాదు. నీళ్ళు కాస్తూ నిమిషానికోసారి థర్మామీటరు చూసి అంకెలు రాసుకుంటారు. అడ్డంగా కాలం, నిలువుగా ఉష్ణోగ్రత, సెంటీమీటరుకు ఇంత అని స్కేలు వేసుకుని చుక్కలు పెడతారు. చుక్కలు కలిపితే గ్రాఫు తయారు. మూలన స్కేలు రాయడం మరిచిపోయి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అది వేరే సంగతి.

ఈ గ్రాఫుకు ఒక లోపం ఉంది. మనం అడిగినదానికి అది బదులు చెప్పదు. "నాలుగో నిమిషం దగ్గర గీత కొంచెం వంగినట్టుందే, ఆ చోటు దగ్గరగా చూపించు" అంటే కాగితం చూపించలేదు. వేరే స్కేలు వేసుకుని మళ్ళీ మొదటినుంచి గీయాల్సిందే. పది చుక్కలుంటే పరవాలేదు. పది కోట్ల చుక్కలుంటే?

అన్ని చుక్కలు ఎక్కడ దొరుకుతాయంటారా? మన తలలోనే దొరుకుతాయి.

కిలోమీటర్ల కొద్దీ కాగితం

మెదడులోని నాడీకణాలు పనిచేసేటప్పుడు చాలా స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. తలమీద చిన్న లోహపు బిళ్ళలు అంటించి ఆ విద్యుత్తును నమోదు చేయవచ్చునని జర్మనీకి చెందిన వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో కనుగొన్నాడు. 1929లో ఆ సంగతి లోకానికి ప్రకటించాడు. ఆ బిళ్ళలను ఎలక్ట్రోడులంటారు. వాటివల్ల వచ్చే గ్రాఫును ఇ.ఇ.జి. అంటారు. వోల్టులో పదిలక్షలో వంతు ఒక మైక్రోవోల్టు. తలమీద దొరికేది కొన్ని పదుల మైక్రోవోల్టులే. టార్చిలైటులో వేసే ఒక్క బ్యాటరీలో పదిహేను లక్షల మైక్రోవోల్టులుంటాయంటే తేడా ఎంతో ఊహించుకోండి.

మూర్ఛ వ్యాధి ఉన్నవారికి ఫిట్స్ వచ్చినప్పుడు, మెదడులో ఎన్నో నాడీకణాలు ఒక్కసారిగా, అదుపు లేకుండా విద్యుత్తును వెలువరిస్తాయి. (అలాంటి మనిషి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మన ఊళ్ళలో ఇప్పటికీ చూస్తుంటాం. ఇనుముకూ ఫిట్సుకూ ఏ సంబంధమూ లేదు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలి.) ఎక్కువమందికి మందులతో ఫిట్స్ అదుపులో ఉంటాయి. సుమారు మూడోవంతు మందికి మాత్రం మందులు సరిగా పనిచేయవు. వారిలో కొందరికి ఒక దారి ఉంది. ఫిట్స్ మెదడులో ఏ చోట మొదలవుతున్నాయో సరిగ్గా కనుక్కుని, ఆ చిన్న భాగాన్ని శస్త్రచికిత్స చేసి తీసివేయడం.

ఆ చోటు కనుక్కోవడమే కష్టం. పక్కనే మాట్లాడే శక్తిని నడిపే భాగం ఉండవచ్చు. చేతిని కదిలించే భాగం ఉండవచ్చు. చోటు తప్పితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుకే కొందరు రోగులకు పుర్రె తెరచి, ఎలక్ట్రోడులను నేరుగా మెదడు ఉపరితలం మీదే అమరుస్తారు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో పెన్‌ఫీల్డ్, జాస్పర్ అనే ఇద్దరు ఈ పద్ధతికి దారి వేశారు. ఆ ఎలక్ట్రోడులన్నిటినుంచీ వచ్చే తరంగాలను పక్కపక్కన పెట్టి, ఏ తరంగం ముందుగా చెలరేగిందో వైద్యులు వెతుకుతారు.

పూర్వం ఈ తరంగాలను కలాలు కదులుతున్న కాగితం మీద గీసేవి. కాగితం సాధారణంగా సెకనుకు 30 మిల్లీమీటర్ల చొప్పున నడిచేది. గుణించి చూడండి. గంటకు 108 మీటర్లు. ఒక్క రోజుకు 2,592 మీటర్లు, అంటే రెండున్నర కిలోమీటర్లకు పైమాటే! ఆ మడతల కట్టలు తిరగేస్తూ, సెకనులో పదోవంతు కూడా ఉండని ఒక మొనను కంటితో పట్టుకోవాలి.

తరవాత కంప్యూటర్లు వచ్చాయి. తరంగం అంకెలుగా మారింది. 64 ఎలక్ట్రోడులున్నాయనీ, ఒక్కొక్కదాన్ని సెకనుకు 400 సార్లు కొలుస్తున్నామనీ అనుకోండి. గంటలో 9 కోట్ల 21 లక్షల 60 వేల అంకెలు పోగవుతాయి. కాగితం బెడద తీరింది గాని, ఆ అంకెల గుట్టలోకి చూడటం ఎలా అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

వంతులవారీగా తాళంచెవి

అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ హంటర్ అనే నాడీశాస్త్ర పరిశోధకుడికి సరిగ్గా ఈ ప్రశ్నే ఎదురయింది. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాలలో ఆయన మూర్ఛ రోగుల మెదడు తరంగాల మీద పనిచేస్తున్నాడు. వాటిని చూసేందుకు ప్రయోగశాలవారు కొనుక్కున్న ప్రోగ్రాము ఒకటి ఉండేది. కాని దానికి అనుమతి ఒక్కటే. కంప్యూటరుకు గుచ్చితే తప్ప ప్రోగ్రాము తెరుచుకోని చిన్న పరికరం ఒకటి, తాళంచెవి వంటిది, ఇచ్చారు. విద్యార్థులూ వైద్యులూ పరిశోధకులూ ఆ ఒక్క తాళంచెవిని వంతులవారీగా వాడుకునేవారు.

హంటర్ సొంతంగా ఒక అప్లికేషను రాయడం మొదలుపెట్టాడు. బొత్తాలూ జాబితాలూ గ్రాఫులూ ఒకే కిటికీలో అమర్చి, బల్లమీది కంప్యూటరులో నడిచే ప్రోగ్రామును డెస్క్‌టాప్ అప్లికేషను అంటారు. ఆయన రాసిన దానిపేరు పీబ్రెయిన్. అందులో పైభాగాన మెదడు తరంగాలు కనిపిస్తాయి. కిందిభాగాన ఒక ఎలక్ట్రోడు తాలూకు తరంగంలో ఏ క్షణాన ఎంత పౌనఃపున్యం బలంగా ఉందో రంగుల్లో కనిపిస్తుంది. దీన్ని ఆయన పైథాన్ అనే భాషలో రాశాడు. మీలో కొందరు బడిలో నేర్చుకుంటున్నది ఆ భాషే. కాని అప్పట్లో పైథానులో ఆయనకు కావలసినట్టు గ్రాఫులు గీసిపెట్టి, ఇంకొక అప్లికేషనులో ఇమిడిపోయే సాధనం దొరకలేదు. దాన్ని కూడా ఆయనే తయారుచేశాడు. 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. దాని పేరు మాట్‌ప్లాట్‌లిబ్. తాళంచెవి లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. తెరమీది గ్రాఫును వేలితోనో మౌస్‌తోనో తాకితే అది జవాబు చెబుతుంది కదా. ఎలా?

చుక్కకు రెండు చిరునామాలు

కంప్యూటరు తెర అంతా సన్నటి గళ్ళు. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. మౌస్ నొక్కితే కంప్యూటరుకు తెలిసేది "ఎడమనుంచి 430వ గడి, పైనుంచి 150వ గడి" అన్నంతవరకే. దానికి సెకనూ తెలియదు, మైక్రోవోల్టూ తెలియదు, మెదడు అసలే తెలియదు. వైద్యుడికి కావలసిందేమో సెకన్లూ మైక్రోవోల్టులూ. కనుక గ్రాఫులోని ప్రతి చుక్కకూ రెండు చిరునామాలుంటాయన్నమాట. ఒకటి కొలతల లోకంలో, రెండోది తెరమీద. ఒకదాన్నుంచి రెండోదానికి వెళ్ళడం తెలిస్తే గ్రాఫు గీయవచ్చు. తిరిగి రావడం కూడా తెలిస్తేనే గ్రాఫు జవాబు చెబుతుంది.

ఒక లెక్క చేద్దాం. తెరమీద ఎడమవైపు 80 పిక్సెళ్ళు అంచుకు వదిలేశాం. ఆ తరవాత 1000 పిక్సెళ్ళ వెడల్పున 10 సెకన్ల తరంగం కనిపిస్తున్నది. అంటే సెకనుకు 100 పిక్సెళ్ళు. గ్రాఫు 120వ సెకను దగ్గర మొదలవుతున్నది. ఇప్పుడు 430వ పిక్సెల్ మీద మౌస్ నొక్కారు. అంచు తీసివేస్తే 350. దాన్ని 100తో భాగిస్తే 3.5. దానికి 120 కలిపితే 123.5. కనుక మీరు వేలు పెట్టింది 123.5వ సెకను మీద.

నిలువుగా ఒక చిన్న తిరకాసు ఉంది. మన గ్రాఫు కాగితం మీద అంకెలు కిందినుంచి పైకి పెరుగుతాయి. కంప్యూటరు కిటికీల్లో చాలావరకు వరసలను పైనుంచి కిందికి లెక్కపెడతారు, మనం పుస్తకం చదివినట్టు. గ్రాఫు 50వ వరసనుంచి 450వ వరసదాకా ఉంది, అడుగున −200 మైక్రోవోల్టులు, పైన +200 అనుకోండి. 400 వరసలు, 400 మైక్రోవోల్టులు. వరసకు ఒకటి. మీరు నొక్కింది 150వ వరస. అడుగునుంచి లెక్కిస్తే 450 − 150 = 300. −200కు 300 కలిపితే +100 మైక్రోవోల్టులు. తిరగేయడం మరిచిపోయి రాసిన ప్రోగ్రాములో కొండలన్నీ లోయలవుతాయి!

ఇదంతా మీరు లెక్కల్లో చదివే సరళ సమీకరణమే. ఒక గుణకం, ఒక కూడిక. వెళ్ళేటప్పుడు గుణించి కలుపుతాం, వచ్చేటప్పుడు తీసివేసి భాగిస్తాం. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. ఆ రెండో దిక్కు లెక్క ఉంటే గ్రాఫుకు వినికిడి వచ్చినట్టే.

పెద్దది చేసి చూడటంలో మాయ కూడా ఇంతే. 123వ సెకనునుంచి 125వ సెకనుదాకా మౌస్‌తో ఒక పెట్టె గీసి "ఇది పెద్దగా చూపించు" అన్నారు. కొలతల్లో ఒక్క అంకె కూడా మారదు. 1000 పిక్సెళ్ళకు ఇప్పుడు 10 సెకన్ల బదులు 2 సెకన్లే. సెకనుకు 500 పిక్సెళ్ళు. స్కేలు మార్చుకుని కంప్యూటరు మళ్ళీ మొత్తం గీస్తుంది. కాగితం మీద మీకు అరగంట పట్టే పని కంప్యూటరుకు కంటిరెప్ప పాటు కూడా పట్టదు. ఇప్పుడు అదే 430వ పిక్సెల్ నొక్కితే వచ్చే జవాబు 123.7. లెక్క వేసి సరిచూసుకోండి.

దగ్గరి చుక్క ఏది?

మనం నొక్కిన చోట సరిగ్గా కొలత చుక్క ఉంటుందన్న నమ్మకం లేదు. చేయి వణుకుతుంది, అటూఇటూ పడుతుంది. అందుకని ప్రోగ్రాము "దీనికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న చుక్క ఏది?" అని వెతుకుతుంది. దూరానికి మన పైథాగరస్ సూత్రం ఉండనే ఉంది. అడ్డం తేడా వర్గం, నిలువు తేడా వర్గం కలిపి వర్గమూలం తీయాలి.

ఆగండి. అడ్డంగా ఉన్నవి సెకన్లు, నిలువుగా ఉన్నవి మైక్రోవోల్టులు. రెండిటి వర్గాలను కలపడమంటే అయిదు కిలోల బియ్యానికీ మూడు గజాల గుడ్డకూ కూడిక వేయడం వంటిది. జవాబుకు అర్థం ఉండదు. కనుక ముందు చుక్కలన్నిటినీ తెర చిరునామాలోకి మార్చి, దూరం పిక్సెళ్ళలో కొలవాలి. అప్పుడు రెండు వైపులా ఒకటే ప్రమాణం. అలా కొలిచి, అయిదారు పిక్సెళ్ళలోపు చుక్క ఏదైనా ఉంటే "ఇదే అడిగారు" అనుకుంటుంది. లేకపోతే ఊరుకుంటుంది. ప్రమాణాలు రాయని జవాబుకు సున్నా వేసే మాస్టార్ల మీద కోపం తెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోండి.

వెయ్యి గళ్ళలో పద్నాలుగు లక్షల కొలతలు

ఇప్పుడొక ప్రమాదం చూడండి. ఒక్క ఎలక్ట్రోడునుంచి గంటకు వచ్చే కొలతలు 14,40,000. వైద్యుడు "గంట మొత్తం ఒక్కసారి చూపించు" అన్నాడు. తెర వెడల్పు 1000 పిక్సెళ్ళే. అంటే ఒక్కొక్క నిలువు వరసకు 1440 కొలతలు! అన్నీ గీస్తే ఆలస్యం. కొన్ని వదిలేయాలి. ఏవి?

"ప్రతి 1440 కొలతల్లో ఒకటి తీసుకుంటే సరి" అని మీలో ఎవరైనా అనవచ్చు. చాలామందికి మొదట తోచేది అదే. కాని మూర్ఛ రోగుల తరంగాల్లో వైద్యులు వెతికే మొన సెకనులో వెయ్యోవంతులు ఇరవై మొదలు డెబ్భై వరకు మాత్రమే ఉంటుంది. సెకనుకు 400 కొలతల లెక్కన ఆ మొనలో ఉండేవి 8 నుంచి 28 కొలతలు. మనమేమో ఒకటి తీసుకుని 1439 వదిలేస్తున్నాం. మొన వాటిలో ఎక్కడో పడి మాయమవుతుంది. తెరమీద గీత చక్కగా, నున్నగా, ఏ జబ్బూ లేనట్టు కనిపిస్తుంది. ప్రోగ్రాము ఆగిపోదు. తప్పు జరిగిందని చెప్పదు. అబద్ధం చెప్పే గ్రాఫు కంటే అసలు గ్రాఫు లేకపోవడమే మేలు.

దీనికొక చక్కని ఉపాయం ఉంది. ప్రతి 1440 కొలతల గుంపులోనూ అన్నిటికంటే పెద్దదీ, అన్నిటికంటే చిన్నదీ పట్టుకుని, ఆ రెండిటి మధ్య నిలువు గీత గీయాలి. 1440 అంకెలు రెండు అంకెలవుతాయి. అయినా ఎంత సన్నటి మొన ఉన్నా అదే ఆ గుంపులో అన్నిటికంటే పెద్దది గనుక తప్పించుకోలేదు. గంట మొత్తం మీద ఆ నిలువు గీత పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. వైద్యుడు అక్కడ పెట్టె గీసి పెద్దది చేస్తాడు. అప్పుడు అసలు కొలతలన్నీ బయటికి వస్తాయి.

పిలిచేదాకా కాచుకునే గుమాస్తా

ఇంకొక చిక్కు. మామూలు ప్రోగ్రాము మొదటి వరసనుంచి చివరి వరసదాకా నడిచి ముగుస్తుంది. అప్లికేషను అలా కాదు. మీరు ఎప్పుడు మౌస్ కదుపుతారో, ఏ బొత్తం నొక్కుతారో దానికి ముందుగా తెలియదు. అది తపాలా కార్యాలయంలో కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా వంటిది. ఎవరూ రాకపోతే ఊరికే కూర్చుంటుంది. ఎవరైనా వస్తే పని చూసి పంపి, "తరవాత ఎవరు?" అంటుంది. మౌస్ కదిలింది, మీట నొక్కారు, కిటికీ సైజు మారింది అనేవన్నీ ఆ వరసలో నిలబడ్డ మనుషులన్నమాట.

గ్రాఫు ఏం చేస్తుందంటే, ముందుగానే గుమాస్తాకు మాట చెప్పి ఉంచుతుంది. "నా గళ్ళలో ఎవరైనా మౌస్ నొక్కితే నాకు కబురు చెయ్యి" అని. కొత్త పుస్తకం వస్తే చెప్పమని కొట్టువాడికి మన చిరునామా ఇచ్చి వస్తాం చూడండి, అలాగ. కబురు రాగానే గ్రాఫు చిరునామా లెక్క వేస్తుంది, దగ్గరి చుక్క వెతుకుతుంది, కిందిపట్టీలో అంకె చూపిస్తుంది. ఐతే ఈ పని త్వరగా ముగించాలి. పది సెకన్ల లెక్క మొదలుపెడితే ఆ పది సెకన్లూ గుమాస్తా ఇంకెవరికీ పలకడు. మనం మౌస్‌ను ఎంత నొక్కినా కిటికీ బిగుసుకుపోయి ఉంటుంది. "కంప్యూటరు హ్యాంగయింది" అని మనం విసుక్కునేటప్పుడు చాలాసార్లు లోపల జరిగేది ఇదే.

మౌస్ వెంట ఒక నిలువు గీత కదలాలనుకోండి. గీత జరిగినప్పుడల్లా 64 తరంగాలనూ మళ్ళీ గీస్తే గుమాస్తా పని అయిపోయినట్టే. కార్టూను సినిమాలు తీసేవారు కొండా చెట్టూ ఉన్న వెనకతెరను ఒక్కసారి గీసి, కదిలే బొమ్మను మాత్రం పారదర్శకమైన రేకు మీద మార్చి మార్చి పెట్టేవారు. ఇక్కడా అంతే. తరంగాల బొమ్మను ఒకసారి దాచుకుని, దానిమీద గీతను మాత్రమే మళ్ళీ మళ్ళీ గీస్తారు.

హంటర్ చేసిన ఇంకొక తెలివైన పని చెప్పాలి. కిటికీలూ బొత్తాలూ తయారుచేసే సామగ్రి ఒకటే రకం కాదు. జీటీకే, క్యూటీ, టీకే వంటివి ఎన్నో ఉన్నాయి. ఒక్కొక్కదాని పద్ధతి ఒక్కొక్కటి. ఆయన బొమ్మ గీసే పనిని మూడుగా విడదీశాడు. కాగితం, కుంచె, చిత్రకారుడు. ఏ గీత ఎక్కడ గీయాలో తెలిసినవాడు చిత్రకారుడు. అతడికి కాగితం ఎవరిదో అక్కరలేదు. కాబట్టి కాగితాన్నీ కుంచెనూ మార్చుకుంటే చాలు, అదే గ్రాఫు ఏ అప్లికేషనులోనైనా ఇమిడిపోతుంది. తెర అసలు లేకుండా అచ్చుపుస్తకంలోకి కూడా వెళుతుంది. మౌస్ కబుర్లకు కూడా ఒకే భాష ఏర్పరిచాడు.

మూర్ఛ రోగులకోసం మొదలైన ఆ సాధనం తరవాత ఎక్కడెక్కడికో వెళ్ళింది. 2008లో ఫీనిక్స్ నౌక అంగారకుడి మీద దిగినప్పుడు అమెరికా శాస్త్రజ్ఞులు దాన్ని వాడారు. 2019లో లోకమంతా చూసిన మొట్టమొదటి కృష్ణబిలం చిత్రం తయారీలోనూ అది ఉంది. హంటర్ ఆ రెండోదాన్ని చూడలేదు. 2012 ఆగస్టులో, 44 ఏళ్ళ వయసులో, క్యాన్సరు చికిత్సలో తలెత్తిన ఇబ్బందులవల్ల చనిపోయాడు. ఆయన ప్రోగ్రామును ప్రపంచం నలుమూలలా ఉన్నవారు నేటికీ కలిసి మెరుగుపరుస్తూనే ఉన్నారు.

మీరే చేసి చూడండి

కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. గ్రాఫు కాగితాలు అంటించి 48 సెంటీమీటర్ల పొడవు పట్టీ చేయండి. గంటకు 2 సెంటీమీటర్ల చొప్పున ఒక రోజంతా పడుతుంది. అర్ధరాత్రినుంచి మళ్ళీ అర్ధరాత్రిదాకా మీ ఊరి ఉష్ణోగ్రత దానిమీద గీయండి. (రాత్రి కొలతలు పత్రికలోనో ఫోనులోనో చూడండి. వాటికోసం మేలుకోవద్దు.) ఒక అట్టకు 10 సెంటీమీటర్ల వెడల్పున కిటికీ కోసి, పట్టీ మీద ఉంచి జరపండి. అట్ట ఎడమ అంచు దగ్గర ఎన్ని గంటలో చూసుకుని, మీ స్నేహితుణ్ణి కిటికీలో ఎక్కడైనా వేలు పెట్టమనండి. మీరు పట్టీ మీది గంటలు చూడకుండా, స్కేలుతో దూరం మాత్రం కొలిచి అది ఏ సమయమో చెప్పాలి.

కిటికీ ఎడమ అంచు ఉదయం 9 గంటల మీద ఉంది. వేలు ఆ అంచునుంచి 6.4 సెంటీమీటర్ల దూరంలో పడింది. సమయమెంత? అదే కిటికీలో రెండు గంటలు మాత్రమే కనిపించేలా పట్టీని వేరే స్కేలుతో మళ్ళీ గీసి, 9 గంటల దగ్గరే ఉంచితే, అదే చోట ఉన్న వేలు ఇప్పుడు ఏ సమయాన్ని చూపిస్తుంది?